పళ్ళకు చిల్లులు పెట్టే మా వదిన

మా ఊరి నవ్వుల్లో సగం దేవుడిచ్చినవి, మిగతా సగం మా వదిన బిగించినవి. ఈ మాటంటే కోతలు కోస్తున్నానంటారు. కోతలు కోయడం మా వంశానికి కొత్త కాదు కాబట్టి కొంచెం తగ్గించుకుంటాను. పోనీ, పావు వంతు అనుకుందాం. ఇంక తగ్గించను. బస్సులో ఎవరైనా పళ్ళు బయటపెట్టి నవ్వితే చాలు, అది వదిన చేతిదో పక్క ల్యాబు వాళ్ళదో నేను చూసి చెప్పేస్తాను. పక్క ల్యాబు పళ్ళు కవాతులో సిపాయిల్లా నిలబడి ఉంటాయి. వదిన పెట్టినవి గ్రూపు ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా ఉంటాయి. ఒకడు కాస్త ముందుకి, ఒకడు కాస్త పక్కకి తిరిగి. అసలు పళ్ళు అలాగే ఉంటాయని వదిన వాదన.

వదిన అంటే మా అన్న భార్య. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. టైర్ల షాపు పైన రెండు గదులు. ఒక గదిలో ప్లాస్టర్ దుమ్ము, రెండో గదిలో మైనం వాసన. డాక్టర్లు తీసిన నోటి అచ్చుల్ని డబ్బాలో పెట్టుకుని బండి మీద ఆ గదులకి చేరవేయడం నా ఉద్యోగం. చదువుకి నేను ఎనిమిదో తరగతిలోనే స్వస్తి చెప్పాను గానీ, నా అంతమంది నోళ్ళు మోసినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు. ఒకసారి సడన్‌గా బ్రేకు వేస్తే డబ్బా మూత ఊడి, నోళ్ళన్నీ రోడ్డు మీద దొర్లి, అన్నీ ఒకేసారి ట్రాఫిక్ పోలీసు వైపు చూసి నవ్వాయి. ఆయన నా లైసెన్సు అడగడం మర్చిపోయి దణ్ణం పెట్టాడు. నమ్మకపోతే మానెయ్యండి.

వదిన తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని, కంటికి పెట్టుకునే భూతద్దంలోంచి ఆవగింజంత మేకులు చూసి చూసి, వదినకి పెద్ద వస్తువులంటే నమ్మకం పోయింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక ల్యాబులో ప్లాస్టర్ గిన్నెలు కడగడానికి కుదిరింది. ఓ రోజు యజమాని మైనంలో పళ్ళు వరుస పెడుతూ ఫోనెత్తుకుని బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మిగతా వరుస పూర్తయి ఉంది. ఆయన చూశాడు, ఒక పన్ను తీసి మళ్ళీ పెట్టాడు, రెండో పన్ను మాత్రం ముట్టుకోలేదు. మర్నాటి నుంచి గిన్నెలు ఇంకొకరు కడిగారు.

ఇంక చిల్లుల సంగతి. కట్టుడు పళ్ళలో ఒకటి పాత రకం, గట్టిది. దాని చిగురూ పన్నూ ఒకే జాతి సరుకు. వేడి తగలగానే రెండూ పాలూ నీళ్ళలా కలిసిపోతాయి. తర్వాత వచ్చింది వంగే రకం, నైలాన్ చిగురుది. పలచగా, మెత్తగా, నోట్లో ఉన్నట్టే తెలియదు. తీగలు అక్కర్లేదు. కాకపోతే ఒక చిక్కుంది. నైలాన్‌కీ పన్నుకీ పొత్తు కుదరదు. ఎంత వేడి చేసినా, ఎంత బతిమాలినా అంటుకోదు. అందుకని వదిన ప్రతి పన్నుకీ అడుగు నుంచి పైకి ఒక చిల్లు, అడ్డంగా ఇంకో చిల్లు పెట్టి, లోపల రెంటినీ కలుపుతుంది. కరిగిన నైలాన్‌ని యంత్రంతో ఒత్తితే అది ఆ చిల్లుల్లోకి పాకి, మూల తిరిగి, అక్కడే గడ్డకడుతుంది. తలుపుకి గొళ్ళెం పడ్డట్టు. ముందు మైనంలో నిలబెట్టిన పళ్ళు కదా, చిల్లులో పిసరంత మైనం మిగిలినా నైలాన్ లోపలికి పోదు. అందుకే వదిన మరిగే నీళ్ళతో కడిగి, తండ్రి భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కో చిల్లులోకీ తొంగిచూస్తుంది. ల్యాబులో అందరూ చిల్లులమ్మ అంటారు. ఆవిడ పలుకుతుంది కూడా.

ఆ చిల్లుల్లో మా నాన్న పరువు వేలాడిన కథ ఇది.

మా నాన్న కూరగాయల టోకు మార్కెట్లో వేలం వేస్తాడు. మధ్యలో ఇటుకల దిమ్మ, దాని మీద నాన్న, చుట్టూ బస్తాలూ వ్యాపారులూ. ఆయన ధర పిలిస్తే బంగాళాదుంపలు వాటంతటవే సంచుల్లోకి దూకేవని నేను పదిమందికి చెప్పాను. ఇద్దరు నమ్మారు. అలాంటి నోట్లో పైవరుస ముందు పళ్ళు నాలుగు పోయాయి. బస్తాలు ఎత్తుకుపోతున్న దొంగల ముఠాతో తలపడితే పోయాయని నాన్న చెబుతాడు. అసలు జరిగింది, బస్తా మూతి ముడి రాకపోతే పళ్ళతో లాగాడు. ముడి రాలేదు, రెండు పళ్ళు వచ్చాయి. పక్కన ఊగుతున్న రెంటినీ డాక్టరమ్మ తీసేసింది.

దాంతో గొంతు గాలి దిగిన ట్యూబయింది. అంకె సగం లోపల, సగం బయట. వేలంలో ధర రెండోసారి చెప్పించుకుంటే వేడి చల్లారిపోతుంది. రైతులు గొణిగారు. చివరికి మార్కెట్ ప్రెసిడెంటు నాన్నని పక్కకి పిలిచాడు.

"పెద్దాయనా, మీరంటే నాకు గౌరవమే. కానీ కొత్త ఉల్లిపాయ దిగే సోమవారం సరుకు కొండలా వస్తుంది. ఆ రోజు పొద్దున్నంతా మీ గొంతు నిలబడితే దిమ్మ మీకే. లేదంటే మీ బామ్మర్దికి ఇచ్చేస్తాం."

బామ్మర్ది అంటే మా మేనమామ. దిమ్మ కిందే తూకం వేస్తుంటాడు. దిమ్మ పోతే మాకు తిండి పోదు, కొడుకులిద్దరం సంపాదిస్తున్నాం. పోయేది నాన్న మాట. మాట తీసేస్తే మా నాన్నలో మిగిలేది మీసమొక్కటే.

ఇంట్లో చర్చ పెట్టారు. "గట్టిదే చేయించుకోండి మామయ్యా. పళ్ళు చచ్చినా వదలవు," అంది వదిన. "కాకపోతే రెండు పక్కలా చిన్న తీగ కొక్కెం వస్తుంది."

"కనిపిస్తుందా?" అన్నాడు నాన్న.

"నోరు బాగా తెరిస్తే కనిపిస్తుంది."

"నేను నోరు సగం తెరిచి వేలం వేస్తానా అమ్మాయ్? నేను తెరిస్తే కొండనాలుక దాకా కనిపించాలి. ఎద్దుకి ముక్కుతాడు వేసినట్టు నాకు తీగేమిటి?"

అమ్మ వంటింట్లోంచి అంది, "నోరు తెరిపించే పళ్ళు ఎవరైనా పెడతారు. మూయించేవి ఉన్నాయేమో చూడవే."

డాక్టరమ్మ రెండు రకాలూ చూపించింది. వంగేదాన్ని ఒకసారి వంచి వదిలింది. "ఇది విరగదు. అలాగని మాటిమాటికీ వంచకండి, పళ్ళు కదిలిపోతాయి," అని కూడా అంది. నాన్న చెవిలో 'విరగదు' దాకానే పడింది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వంగేదే ఖాయమైంది.

తయారవుతుండగా చూస్తానని ల్యాబుకి వచ్చాడు. వదిన సరిగ్గా అప్పుడే డ్రిల్లు పట్టుకుని పన్నుకి చిల్లు పెడుతోంది. నాన్న గుమ్మంలోంచే కేకేశాడు.

"ఉన్నవి ఊడిపోయాయని నేను ఏడుస్తుంటే, కొత్తవాటికి నువ్వే పుచ్చు పెడుతున్నావేమిటి?"

"పుచ్చు కాదు మామయ్యా, నైలాన్ పట్టుకోవడానికి దారి."

"జిగురు పెట్టి అంటించరాదూ?"

"దీనికి ఏ జిగురూ పట్టదు. ఇవి రెండూ కలవవు. పట్టుకుని ఉంటాయి, అంతే."

నాన్న ఆలోచించాడు. "కలవకుండా పట్టుకుని ఉండటం నాకు తెలుసులే. మీ అత్తయ్యా నేనూ ఇన్నేళ్ళుగా అలాగే ఉన్నాం. అయితే ఇంకో రెండు చిల్లులు ఎక్కువ పెట్టు."

"ఎక్కువ పెడితే పన్ను డొల్ల అవుతుంది. ముందు పళ్ళు అసలే పలచన."

"నువ్వు మీ అత్తయ్య కంటే పిసినారివి."

పళ్ళు వచ్చాయి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక పెట్టుకుని నాన్న మార్కెట్టుకి వెళ్ళాడు. ఆ రోజు ఆయన పిలిచిన పిలుపుకి క్యాబేజీలు ఆకులు విప్పుకున్నాయి. మామ తూకం రాళ్ళు సర్దుకుంటూ, "బాగానే ఉంది బావా," అన్నాడు. కడుపులో ఏమనుకున్నాడో కడుపుకే తెలియాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా నాన్న పుట్టుకతో వేలంవాడు. సరుకు చేతిలో ఉంటే చూపించకుండా ఉండలేడు. బేరం కాస్త నెమ్మదించగానే నోట్లోంచి సెట్టు తీసి, రెండు వేళ్ళ మధ్య మడిచి, "చూశారా, వెదురుబద్దలా ఎలా వంగుతుందో. మా కోడలు చేసింది. లారీ ఎక్కినా చెక్కు చెదరదు," అనేవాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. మామ ఊరుకుంటాడా? కొత్తవాడెవడు కనిపించినా భుజమ్మీద చెయ్యేసి తీసుకొచ్చేవాడు.

"బావా, ఈయన చూడలేదట. ఒక్కసారి వంచు."

మా మామ చెడ్డవాడు కాదు. దిమ్మ మీద కన్నున్నవాడు, అంతే. కోడల్ని పొగిడే అవకాశం వస్తే నాన్న రెండుసార్లు వంచేవాడు. నైలాన్ వంగుతుంది. పన్ను వంగదు. వంచినప్పుడల్లా పన్ను మొదట్లో వెంట్రుకవాసి సందు తెరుచుకుని మూసుకుంటుంది. తలుపు ఎన్నిసార్లు గుంజితే గొళ్ళెం అంత వదులవుతుంది.

ఉల్లిపాయ సోమవారానికి ముందు శనివారం సాయంత్రం, వదిన గ్లాసులో నానుతున్న సెట్టు తీసి వెలుగులో పట్టుకుంది. ఒక పన్ను చుట్టూ సన్నగా టీ రంగు గీత. గోటితో తట్టింది. పన్ను టిక్కుమంది.

"దీన్నేం చేశారు మామయ్యా?" అని అడిగింది.

"పెట్టుకున్నాను."

"ఇంకా?"

"తిన్నాను."

"ఇంకా?"

నాన్న గోడ వైపు చూశాడు. అమ్మ అందుకుంది. "మార్కెట్లో రోజూ సర్కసు నడుపుతున్నాడటే. నీ మరిది వచ్చి ఒకటే నవ్వు."

వదిన నా వైపు చూసిన చూపుకి నేను బండి తుడవడానికి బయటికి వెళ్ళిపోయాను. కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది.

"ఊడిన పన్నుని దీనికి మళ్ళీ అతికించలేం," అంటోంది వదిన. "పాత నైలాన్‌కి కొత్త నైలాన్ కూడా కలవదు. మొత్తం మళ్ళీ పొయ్యాలి. ఆ యంత్రం ఉన్న గదికి ఓనరు తాళం వేసుకుని ఊరెళ్ళాడు, మంగళవారం గానీ రాడు. గట్టిది మాత్రం చెయ్యగలను. దానికి పొయ్యీ నీళ్ళూ ఉంటే చాలు."

"తీగ పెట్టుకుని దిమ్మెక్కను. నీ చిల్లుల మీద నాకు నమ్మకముంది, ఒక్క పొద్దు ఆగుతాయి."

"చిల్లులు బాగానే ఉన్నాయి మామయ్యా. మీ వేళ్ళ మీదే నమ్మకం లేదు."

"నేను పెట్టుకోనన్నాను కదా."

"పెట్టుకోవద్దు. నా పని నేను చేసుకుంటాను."

బయటికి వచ్చి, ల్యాబు ముందు గది బీరువాలో ఉన్న నాన్న నోటి అచ్చు పట్టుకురమ్మంది. తెచ్చాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ, "చేసెయ్యి, మంగళవారం నా దగ్గరికి పంపు, సరిచేస్తాను," అంది. ఆ సాయంత్రమే మైనంలో పళ్ళు వరుస పెట్టి, పటకారుతో తీగ వంచి అటూ ఇటూ కొక్కేలు తిప్పింది. ఈసారి డ్రిల్లు ముట్టుకోలేదు, చిల్లుల అవసరమే లేదు. ఆదివారం దాన్ని ఇత్తడి అచ్చులో పెట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ చోట చిగురు రంగు ముద్ద కూరి, అచ్చు బిగించి గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. అలా మా వంటింట్లో నాన్న పళ్ళు ఉడికాయి. మంట పెంచితే బుడగలొస్తాయట, అందుకని అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మధ్యాహ్నం అందరం బయట కొనుక్కుని తిన్నాం. నాన్న వంటింటి ముందు నుంచి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాడు గానీ లోపలికి చూడలేదు. చల్లారనిచ్చి, తెరిచి, ఆకురాయితో అంచులు సర్ది, బట్టతో రుద్ది, తడి దూదిలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది.

సోమవారం పొద్దున్న నాన్న వంగే సెట్టే పెట్టుకుని మా కంటే ముందే వెళ్ళిపోయాడు. వదిన ల్యాబుకి ఆలస్యంగా వస్తానని చెప్పి, డబ్బా పట్టుకుని నా బండెక్కింది.

మార్కెట్టు నిండా ఉల్లిపాయలు. గుట్ట ఎక్కితే పక్క ఊరు కనిపించేది. నాన్న మొదటి సరుకులు మంచి ఊపులో పిలిచాడు. ప్రెసిడెంటు ఆఫీసు గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుని వింటున్నాడు. వదిన తూకం పక్కన నిలబడింది. అక్కడ అందరూ గుట్టని చూస్తుంటే ఆవిడ నాన్న పైపెదవి చూస్తోంది.

ఆ రోజు వచ్చినవాటన్నిటిలోకీ మంచి సరుకు వంతు వచ్చింది. ముదురు ఎరుపు, ఒక్కోటి పిడికెడంత. దాని తాలూకు రైతు దిమ్మని ఆనుకుని నిలబడ్డాడు. మా మార్కెట్లో ఒక పద్ధతి ఉంది. పిలిచేవాడు ఊపిరి ఆపకూడదు. మధ్యలో ఆగిపోతే చివరిగా పాడినవాడికి ఆ ధరకే సరుకు. ధర అప్పుడే పైకెక్కుతోంది. నాన్న గట్టిగా నోరు తెరిచాడు. పన్ను వచ్చేసింది. అది గాల్లో లేచి మూడు దుకాణాలు దాటి త్రాసులో పడి తూగిందని తర్వాత నేను చెప్పాను. నిజానికి గెడ్డం మీదుగా జారి ఉల్లిపాయల్లో పడింది. నాన్న టక్కున నోరు మూసేశాడు.

ఆఖరి ధర పాడిన బట్టతల వ్యాపారి సంచులు విప్పడానికి వంగాడు. రైతు ముఖం నల్లబడింది. మామ తూకం కొక్కెం కింద పెట్టి దిమ్మ మెట్టు మీద కాలు వేశాడు.

"బావా, నేను పిలవనా?"

ఆలోగా వదిన జనాన్ని తోసుకుంటూ దిమ్మ దగ్గరికి చేరి డబ్బా మూత తీసింది. నాన్న తీగల్ని చూశాడు. మింగలేడు, కక్కలేడు. ఒకసారి రైతుని చూశాడు.

"ముందు ఎడమ కొక్కెం, తర్వాత కుడి. బొటనవేలితో పైకి నొక్కండి," అంది వదిన, మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టు.

మా నాన్న మార్కెట్టుకి వీపు చూపించడం అదే మొదలు. ఇటు తిరిగేసరికి నోట్లో ఎండ తగిలి తీగ మెరిసింది.

బట్టతల వ్యాపారి నవ్వాడు. "పెద్దాయనకి కళ్ళెం వేసినట్టున్నారే."

చుట్టూ నవ్వులు లేచాయి. నాన్న అవి అయ్యేదాకా ఆగలేదు.

"వేసింది నా కోడలు. నువ్వు ధర చెప్పు."

రైతు గబుక్కున, "నేనింకా సరుకు వదల్లేదు," అన్నాడు. బట్టతలాయన ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. నాన్న ఆగిన చోటు నుంచే అందుకుని, కొండనాలుక దాకా నోరు తెరిచి పిలిచాడు. ధర పెరిగింది, ఇంకా పెరిగింది. చివరికి ఆ సరుకు బట్టతలాయనే కొన్నాడు, మొదట అనుకున్నదానికంటే చాలా ఎక్కువకి. ప్రెసిడెంటు ఇంకాసేపు విని, టీ తాగడానికి లోపలికి వెళ్ళాడు. మామ మెట్టు మీంచి కాలు తీసి తూకం కొక్కెం అందుకున్నాడు.

"ఆ తీగ నీకు బాగానే నప్పింది బావా."

"నీకూ చేయిస్తాలేరా. నోరంతా తీగే వేయమంటాను."

సరుకంతా అయ్యాక నాన్న దిగి వచ్చి, ఎవరూ లేకుండా చూసి వదినకి చిగురు చూపించాడు. కుడి కొక్కెం కొస గుచ్చుకుని ఎర్రగా కమిలింది. పొద్దున్నంతా ఆ మాట చెప్పలేదు. వదిన ఖాళీ పెట్టె మీద కూర్చుని, సంచిలోంచి ఆకురాయి తీసి తీగ కొస రాయడం మొదలుపెట్టింది. నాన్న పక్కన బోసిగా కూర్చున్నాడు.

డబ్బు కట్టి వస్తున్న బట్టతలాయన ఆగి చూశాడు. "ఇవి మాత్రం ఊడవని నమ్మకమేమిటమ్మా?"

నాన్న పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "లాగి చూస్కో," అన్నాడు.

"చెయ్యి కడుక్కుని రండి," అంది వదిన.

ఆయన నిజంగానే కడుక్కుని వచ్చాడు. వదిన సెట్టు గట్టిగా పట్టుకుంది, ఆయన అందులోని ముందు పన్ను పట్టుకుని లాగాడు. మళ్ళీ, కాలు పెట్టెకి తన్ని పెట్టి లాగాడు. పన్ను రాలేదు. ఆయన వేలి ఉంగరం జారి ఉల్లిగుట్టలో పడింది. అది వెతకడానికి జనం మూగుతుండగా వదిన సెట్టు కడిగి నాన్న చేతిలో పెట్టి, ల్యాబులో ఎవరిదో కిందివరుస నానుతోందని చెప్పి నా బండెక్కింది.